సున్నం బొట్లు పెట్టిన గిన్నెలు

జగిత్యాలలో మా ఇల్లు చిన్నది, సామాను ఎక్కువైందన్న మాట అబద్ధం కాదు. అయినా మొన్న మా కోడలు వంటింట్లో ప్రతి గిన్నెకూ ఒక కాగితపు బిళ్ల అంటించి, వాడిన గిన్నె మీది బిళ్ల తీసేయాలని, దసరా నాటికి కూడా బిళ్ల ఉన్నవన్నీ పాత సామానుకు వేసేద్దామని చెప్పేసరికి నాకు ఒళ్లు మండింది. ఫోన్‌లో ఎవరో చెప్పారట. పిల్ల మంచిది, నా మీద కోపంతో చేసిన పని కాదు. అందుకే వెనక వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. నాకెందుకంత కోపం వచ్చిందో మా వైపు పల్లెల్లో ఆ రోజులు చూసిన నా ఈడు వాళ్లకైతే విడమరచి చెప్పనక్కర్లేదు.

కోరుట్ల నుంచి రుద్రంగి పోయే దారిలో కాస్త లోపలికి ఉన్న ఊరికి నన్నిచ్చారు. పెళ్లయిన కొద్ది రోజులకే మా ఆయన దుబాయి పోయాడు. ఇంట్లో అత్తమ్మ, మామ, పెళ్లి కావలసిన ఆడబిడ్డ, నేను. అత్తమ్మకు గిన్నెలంటే ప్రాణం. అందరూ వేములవాడ పోయి కోడె మొక్కు తీర్చుకొని ప్రసాదంతో తిరిగొస్తే, ఆమె చంకలో అన్నం వండే ఇత్తడి గంజు ఒకటి పెట్టుకొని బస్సు దిగేది. ఆ గంజులు, కంచాలు మాకోసం కాదు. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా చావయినా మా ఇంటి నుంచే పోయేవి, తిరిగొచ్చేటప్పుడు అడుగున గుప్పెడు బియ్యమో బెల్లం ముక్కో వేసుకొని వచ్చేవి. ఒట్టి గిన్నె తిరిగివ్వడం మా దగ్గర తప్పు.

ఆ రోజుల్లో అడవిలోని అన్నలు, అదే నక్సలైట్లు, పొద్దుగూకాక వచ్చేవారు. అన్నం పెట్టమంటే పెట్టాలి. తుపాకీ పట్టుకున్నవాళ్లకు లేదనడం ఎవరి తరం? నిజానికి తుపాకీ లేకున్నా అత్తమ్మ పెట్టేదే, ఆకలన్న మనిషిని ఆమె ఊరు పేరు అడిగి ఎరగదు. ఆ సంగతి ఎవరు చేరవేశారో ఏమో, ఒక పొద్దున పోలీసులు వచ్చి అటక మీది సామానంతా వాకిట్లో కుమ్మరించారు. వాళ్ల పెద్దసారు బూటు కాలితో కంచాల కుప్పను జరిపి, అత్తమ్మను అడిగాడు.

"ఇంట్ల నలుగురున్నరు. గిన్ని తల్లెలు ఎవలికే?"

పెండ్లిళ్లకు ఇచ్చేవని ఆమె ఎంత చెప్పినా వినలేదు. మామను జీపెక్కించుకుపోయారు. తిరిగొచ్చిన మామ కుడిచెయ్యి మళ్లీ భుజం పైకి లేవలేదు.

మంచం దిగిన రోజే మామ సున్నం కాయ తెప్పించి, ఎడమచేత్తో ఒక్కో గిన్నెకూ బొట్టు పెట్టాడు. వాడితే కడుగుతాం, కడిగితే బొట్టు పోతుంది. పున్నమి నాటికి బొట్టు పోనివి ఇంట్లో ఉండకూడదన్నాడు. ఏ గిన్నె ఎందుకుందని అడిగినా చెప్పుకునేట్టు ఉండాలని ఆయన తాపత్రయం. అత్తమ్మ ఎదురు చెప్పలేదు. కానీ పెళ్లిలో తన తల్లిగారు పెట్టిన పెద్ద గంజు మీది బొట్టును కొంగుతో తుడిచెయ్యడం నేను చూశాను. మామా చూశాడు. మళ్లీ బొట్టు పెట్టాడు. ఆమె మళ్లీ తుడిచింది. అప్పుడు ఆయన మెల్లగా అన్నాడు.

"గీ ఒక్క గంజు కోసం నన్ను మల్ల కొట్టిపిస్తవా?"

కోరుట్ల నుంచి పాత సామాన్ల వాడు వచ్చినప్పుడు అత్తమ్మే ఆ గంజును ఎత్తి బండిలో పెట్టింది. వాడు ఇచ్చింది చేతిలో పట్టుకొని, చూడకుండానే నాకిచ్చి లోపలికి పోయింది.

అయితే అన్నలు రావడం ఆగలేదు. మళ్లీ వచ్చిన రోజు చిన్న గిన్నెలో విడతలు విడతలుగా వండి మోదుగాకుల్లో పెడుతుంటే, వాళ్లలో ఒకాయన కంచాలేమైనాయని, ఎవరు చెబితే అమ్మారని గుచ్చిగుచ్చి అడిగాడు. అత్తమ్మ ఇంకో ఆకులో అన్నం పెట్టింది. గిన్నెలు ఉంటే పోలీసుల అనుమానం, లేకుంటే అన్నల అనుమానం. మన వంటింట్లో మన గిన్నెలకు ఇద్దరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన బతుకు మీద నాకు ఆ రోజు పుట్టిన చిరాకు ఇప్పటికీ చల్లారలేదు.

మరుసటి ఎండాకాలం ఆడబిడ్డ పెళ్లి కుదిరింది. ఊరంతా తిరిగినా ఒక్క పెద్ద గంజు దొరకలేదు. మా వాకిట్లో జరిగింది చూసి అందరూ భయపడి ఎప్పుడో అమ్ముకున్నారు. చివరికి ఎవరింట్లో వాళ్లు తమ గిన్నెకు సరిపడా వండి తెచ్చి, మా పందిట్లో చాపల మీద పరిచిన తెల్ల బట్టపై కుమ్మరించారు. ఒకరి అన్నం పలుకు, ఒకరిది మెత్తన, ఒకరిది అడుగంటిన వాసన. పెళ్లివారు మర్యాదస్తులు, మాట తూలకుండా తిన్నారు. అత్తమ్మ మాత్రం వడ్డించడానికి రాలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

రోజులు మారాక మా ఆయన సెలవు మీద వచ్చి, అంతకంటే పెద్ద గంజు సిరిసిల్ల నుంచి తెస్తానన్నాడు. తల్లి సంతోషపడుతుందనుకున్నాడు.

"వద్దు బిడ్డా, ఇంట్ల ఎంతమందిమో గన్నే ఉండనియ్యి," అంది.

అట్లా అన్నది ఆమేనా అని నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఏ వేళలో తలుపు తట్టినా ఎవరూ ఉలికిపడరు. జీపుల భయం లేదు, అడవి భయం లేదు, ఎవరింట్లో ఏముందో అడిగేవారు లేరు. మంచిదే, ఆ రోజులు పగవాళ్లకు కూడా రావద్దు. కానీ తినే వేళకు ఎవరైనా గడప తొక్కితే, ఇప్పటికీ మా వాళ్ల చూపు ముందు మనిషి మీదికి కాక పొయ్యి మీదికి పోతుంది, అన్నం సరిపోతుందా అని. వచ్చినవాళ్లూ ఆ చూపు కనిపెట్టి, ఇప్పుడే తినొచ్చామంటారు.