మావ కడుపులో డ్రైవింగు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదంటుంది మా ఆవిడ. నిజమే, ఆలోచిస్తే అదంతా నిన్నగాక మొన్న జరిగినట్టే ఉంటుంది. కానీ ఒక మనిషి వెళ్ళిపోతే, ఆయనతో గడిపిన కాలమంతా ఒక్కసారిగా పాతబడిపోతుంది. అందుకని అలాగే అంటాను. ఆ రోజుల్లో నేను టెక్కలి హైవే పక్కన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరిన టెక్నీషియన్ని. మాకు అప్పుడే ఒక యంత్రం వచ్చింది. రోగి పరగడుపున వచ్చి, మాత్ర సైజులో ఉండే కెమెరా ఒకటి మింగి బల్లమీద పడుకుంటాడు. పైన పెద్ద అయస్కాంతం ఉంటుంది. పక్క గదిలో కూర్చుని నేనొక చిన్న మీట వంచుతుంటే అయస్కాంతం కదులుతుంది, దాని వెంట కెమెరా కదులుతూ కడుపులో మూలమూలా తెరమీద చూపిస్తుంది. గొంతులోకి గొట్టం దింపే బాధే లేదు. (వీడియో గేములాడి చెడిపోతున్నానని నన్ను తిట్టినవాళ్ళందరి నోళ్ళూ ఈ ఉద్యోగంతో మూతపడ్డాయి.)

మా మావ, అంటే మా అమ్మ తమ్ముడు, జలంత్రకోటలో కొబ్బరి రైతు. చిన్నప్పుడు నన్ను సైకిలెక్కించి, సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తి, చెప్పాపెట్టకుండా వదిలేసింది ఆయనే. ఆ మధ్య వచ్చిన పెద్ద తుఫానుకు ఆయన తోటంతా నేలమట్టమైపోయింది. రెండు చెట్లు మిగిలాయి. మళ్ళీ మొక్కలు నాటాడు. అవి నడుమెత్తు పెరిగేసరికి ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. మా తాత కడుపులో గడ్డతోనే పోయాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మనసులోనూ అదే మెదిలింది. పలాసలో గొట్టం పరీక్ష చేస్తామంటే మావ ఆటో దిగకుండానే వెనక్కి తిప్పించుకుని వచ్చేశాడు. నేను నా యంత్రం గురించి గొప్పలు చెప్పాక మెత్తబడ్డాడు.

“మాత్రయితే మింగుతాను. కానీ ఒరే గుంటడా, నాకొకటే సూసి సెప్పు. నానేసిన మొక్కలు కాపుకొచ్చేదాకా ఉంటానా, ఉండనా?”

నవ్వుతూనే అడిగాడు. చేతిలో తువ్వాలు మాత్రం మెలిపెడుతూనే ఉన్నాడు.

పరీక్ష రోజున సోంపేటలో ఎక్కిన బస్సు టెక్కలి చేరేలోగా, మేనల్లుడు తన కడుపులో బండి నడపబోతున్నాడని బస్సంతా చాటేశాడట. నీ మేనల్లుడికి లైసెన్సుందా అని ఒక ముసలమ్మ అడిగిందట. బల్లమీద పడుకున్నాక కూడా ఆయన ధ్యాస డ్రైవింగు మీదే.

“మలుపుల కాడ బేగి తిప్పీకు, నెమ్మది. ఎదరేటుందో సూసుకుని ఎల్లు. పనయ్యాక మీ కెమెరా మీకు తిరిగిచ్చెయ్యాలా?”

వద్దు మావా, దాని దారిన అదే పోతుందన్నాను. నర్సు మొహం పక్కకు తిప్పుకుంది.

కెమెరా తేలాలంటే కడుపు నిండా మంచినీళ్ళు తాగాలి. చిక్కంతా అక్కడొచ్చింది. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు మొదలైనప్పటినుంచి మావాళ్ళకు పరాయి నీళ్ళంటే నమ్మకం లేదు. ఏ ఊరెళ్ళినా ఎవరి సీసా వాళ్ళ చంకలోనే ఉంటుంది. నర్సు ఇచ్చిన నీళ్ళను మావ మర్యాదగా పక్కన పెట్టి, సంచిలోంచి తన పెద్ద సీసా తీశాడు.

“మీ నీళ్ళకి వంక పెట్టడం కాదు తల్లీ. ఉన్న రోగానికే వచ్చాను, కొత్తది పట్టుకెళ్ళడమెందుకని.”

మావాళ్ళింతే, తాగనీ అని నేనే నర్సుకు నచ్చజెప్పాను. ఆయన సీసా ఖాళీ చేసి, మాత్ర మింగాడు. నేను నా కుర్చీలో కూర్చుని మీట పట్టుకున్నాను. అన్నవాహిక చక్కగా కనబడింది. కెమెరా కడుపులోకి దిగింది. తెరమీద తెల్లతెల్లటి పొరలు తేలుతూ వచ్చాయి. ఎటు తిప్పినా అవే. అలాంటివి నేను ఎవరి కడుపులోనూ చూడలేదు. పక్కన కూర్చుని తెర చూస్తున్న డాక్టరమ్మ ముందుకు వంగింది. నాకు మా తాత గుర్తొచ్చాడు. మావ లేని జలంత్రకోట కళ్ళముందు కదిలింది. ఆ ఊరు నాకసలు ఊరులాగే అనిపించలేదు.

“ఏం తాగారో అడుగు,” అంది డాక్టరమ్మ చివరికి.

వెళ్ళి అడిగాను.

“మన సెట్ల కొబ్బరినీళ్ళేరా. ఉన్న రెండు సెట్లవీ దింపించాను. నీకు లోపల తేటగా కనబడాలని తువ్వాల్తో వడగట్టి మరీ తెచ్చాను,” అన్నాడు, తప్పేటన్నట్టు.

తెరమీదవి తువ్వాలుకు చిక్కని లేత కొబ్బరి పొరలు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. నేను మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత మావ నా మొహం చూసి, మారుమాట లేకుండా ఆసుపత్రి నీళ్ళు తాగాడు. కడుపు కడిగినట్టయింది. గడ్డ లేదు. కీళ్ళనొప్పులకు దుకాణంలో కొనుక్కుని మింగే బిళ్ళలతో లోపలి పొర అక్కడక్కడా ఒరుసుకుపోయింది, అంతే. అవి మానేసి మందులు వాడితే తగ్గిపోతుందంది డాక్టరమ్మ.

“అయితే కాపు సూత్తాను,” అన్నాడు మావ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

కొన్నేళ్ళకు చూశాడు కూడా. మొదటి గెల వేసిన చెట్టు కింద నన్ను నిలబెట్టి, తానూ తలెత్తి నిలబడ్డాడు, మెడ నొప్పెట్టేదాకా. ఆ మరుసటి ఏడు వానల్లో, కడుపుతో సంబంధం లేని జ్వరమేదో వచ్చి వెళ్ళిపోయాడు. ఆయన గొంతు వినాలని ఇప్పటికీ నాకు ప్రాణం కొట్టుకుంటుంది. ఫోనంతా వెతికాను. ఎక్కడా మావ మాట లేదు, నడక లేదు. నా దగ్గరున్నది ఒకటే వీడియో, ఆనాటి పరీక్షది. ఒక్కోసారి తీసి చూస్తుంటాను. మలుపు మలుపు దగ్గరా ఆగి, తడుముకుంటూ, ఎక్కడ తగులుతుందోనని నడిపిన ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. మొన్న మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి, ఆ ఎర్రటి గుహ ఏమిటని అడిగింది.

మా మావ అన్నాను.