కూత లేని కబడ్డీ

మా బడి ఇస్నాపూర్‌లో, ఫ్యాక్టరీ కార్మికులు కిరాయికుండే గదుల వరుసను ఆనుకుని ఉంటుంది. నేను ఏడో తరగతికి లెక్కలు చెప్తాను. నాకు ముక్కు మీదే కోపం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పిల్లలకేమో నిలకడ ఉండదు. ఒకరి జడ ఇంకొకరి బెంచీకి కట్టేస్తారు. అరిచాను, గోడకుర్చీ వేయించాను, ఆఖరి బెంచీ పిల్లనైతే రోజూ బయట నిలబెట్టాను. ఏం లాభం? ఒకరోజు విసుగెత్తి పాఠం మధ్యలోనే అందరినీ మైదానంలోకి తోలి కాసేపు కబడ్డీ ఆడించాను. చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్నాక, తరగతిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ ఫ్యానుకు చప్పుడుందని నాకు అదివరకు తెలియదు.

ఇక రోజూ ఆడించాను. వారం తిరక్కుండానే ప్రహరీ అవతలి గదిలో ఉండే పెద్దమనిషి ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు. నైట్ షిఫ్టు మనిషి.

"రాత్రంత మిషిన్ల మోత, పగలంత మీ పిల్లల కూత. నేను ఎప్పుడు పండాలె మేడం?"

ఆయన మాటలో తప్పులేదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఆట బంద్ అని హెడ్మిస్ట్రెస్ తేల్చేశారు. మళ్లీ ఆ గోడకుర్చీల రోజులేనా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. సంగతి పిల్లలకు చెప్పేశాను. ఆఖరి బెంచీ పిల్ల లేచింది.

"కూత పెట్టకుండ ఆడుదం టీచర్. మా అమ్మ డ్యూటీ చేసొచ్చి పండుకుంటే మేం ఇంట్ల గట్లనే ఆడుతం."

కూత లేకుంటే దమ్ము పోయిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. చెయ్యెత్తి వెళ్లాలట, దమ్ము పోతే ఎవరికి వారే దించాలట. నాకు నవ్వొచ్చింది. జడ చేతిలో పట్టుకుని కూడా 'నేను కాదు' అనే రకం వీళ్లు.

మొదట్లో దించారు, దించలేదు అని తగాదాలే. కానీ గుసగుసల్లో తగాదా ఎంతసేపు సాగుతుంది? మెల్లగా ఆట కుదిరింది. మైదానంలో కాళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకెంత హాయిగా ఉండేదో.

ఒకరోజు చూస్తే ప్రహరీ మీద చాయ్ గ్లాసుతో ఆ పెద్దమనిషి. ఇంత సప్పుడు లేకుండా ఏం ఆడుతున్నారో చూద్దామని ఎక్కాడట. అప్పుడే ఆఖరి బెంచీ పిల్ల చెయ్యెత్తి వెళ్లి ఒకర్ని ముట్టింది. ముగ్గురు పట్టుకున్నా గింజుకుని మధ్య గీత మీద పడింది.

"దాటినవ్ బిడ్డా!"

గదుల వరుస మొత్తం లేచేలా అరిచాడాయన. హెడ్మిస్ట్రెస్ బయటికొచ్చి ఎవరిదా కేక అన్నారు. ఇక ఆట బంద్ అనుకున్నాను. పిల్లలంతా ప్రహరీ వైపు వేలు చూపించారు.

"నేనే మేడం. ఆట ఆపకుండ్రి," అన్నాడాయన, గ్లాసు వెనక ముఖం దాచుకుంటూ.

ఆవిడ నవ్వాపుకుంటూ లోపలికి వెళ్లారు. ఆయన మాత్రం వదల్లేదు. పిల్ల దాటిందని, తను కళ్లారా చూశానని నాతో వాదన పెట్టుకున్నాడు. నేనూ దాటిందనే అనుకున్నాను. మట్టి దులుపుకుంటూ లేచిన ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"లేదంకుల్. గీత ముట్టకముందే చెయ్యి దించిన."

ఏడాదంతా నేను బయటికి పంపిన పిల్ల, ఎవరూ పంపకుండానే వెళ్లి బయట కూర్చుంది.