నాటకాలాడే పిల్ల

ఆయన బడి బస్సు డ్రైవరు. రోజూ బస్సెడు పిల్లల్ని ఎక్కించి దింపే తనకు వాళ్ళ వేషాలన్నీ కొట్టినపిండి అనుకునేవాడు. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఇంట్లో అందరికీ కరోనా సోకినప్పుడు భార్య మంచం పట్టింది. పన్నెండేళ్ళ కూతురికి మాత్రం కాస్త జ్వరం వచ్చి, చేత్తో తీసేసినట్టు పోయింది. ఒకచోట కుదురుగా ఉండదని ఆ పిల్లను అందరూ పిచ్చుక అనేవాళ్ళు.

బడులు తెరిచాక పిచ్చుక మెట్లెక్కలేకపోయింది. వాళ్ళది మూడో అంతస్తు. సగం ఎక్కేసరికి గోడ పట్టుకుని కూలబడేది.

"కాళ్ళు లాగేస్తున్నాయి నాన్నా. తల మొద్దుబారిపోతోంది."

"ఏం, రేపు లెక్కల పరీక్షా?"

వీధి చివరి డాక్టరు రక్తపరీక్షలు చూసి, "అన్నీ బాగానే ఉన్నాయి. ముందా ఫోను లాక్కోండి" అన్నాడు. బళ్ళో టీచరు ఒళ్ళు బద్ధకమంది. ఇంకేం, ఆయనకు ఆ ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

ఓ సాయంత్రం మెట్ల మీద కూర్చున్న పిల్లను రెక్క పట్టుకుని లేపాడు. ఇరుగుపొరుగు తలుపులు తీసి చూస్తున్నారు.

"నాటకాలు చాలు. పైదాకా పరిగెత్తు. దిగి, మళ్ళీ ఎక్కు!"

పిల్ల ఏడవలేదు. ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది.

"చూశావా? ఎక్కలేనన్నావ్!" అన్నాడు, ఏదో గెలిచినట్టు.

మర్నాడు పిల్లకు దువ్వెన ఎత్తే ఓపిక కూడా లేదు. వెలుతురు పడితే కళ్ళు మూసేసుకునేది. వారాలు గడిచినా అదే వరస. భార్య పోరు పడలేక పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ చాలాసేపు పిల్లతోనే మాట్లాడింది.

"ఇది నటన కాదండీ. కరోనా తగ్గాక కొంతమంది పిల్లలకి నెలల తరబడి ఇలా ఉంటుంది. మామూలు పరీక్షల్లో దొరక్కపోవచ్చు. ఓపికకి మించి కదిలిస్తే ఇంకా దిగజారిపోతారు. ఈమధ్య బాగా అలిసిందా?"



"ఈయనే మెట్ల మీద పరిగెత్తించారు, పదిమంది చూస్తుండగా" అంది భార్య.

మందంటూ ఏమీ లేదు, మెల్లగా కోలుకోవాల్సిందే అన్నారు. మెట్లెక్కే పని లేకుండా, గాలాడకపోయినా సరేనని అట్టడుగు అంతస్తు గదుల్లోకి మారారు. ఏడాది తిరిగేసరికి పిల్ల ఒంటిపూట బడికి వెళ్ళగలుగుతోంది.

"ఎలా ఉందమ్మా?" అని ఆయన రోజూ అడుగుతాడు.

"బాగుంది నాన్నా."

పెదవులు పాలిపోయిన రోజున కూడా అదే జవాబు. నిజం వంటగదిలో తల్లికి చెప్పుకుంటుంది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ మాట ఆగిపోతుంది.