ఆధారం అడిగిన ఆంటీ

మా నర్సు ఆంటీ పోయారని పోయిన మంగళవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నేను ఆఫీసు బస్సులో, బ్రూక్‌ఫీల్డ్ సిగ్నల్ దగ్గర ఇరుక్కుని ఉన్నాను. నిద్రలోనే పోయారట. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎవరు చెప్పారు?" అని. చెబుతున్నది కన్నకూతురు! ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది. "అచ్చం అమ్మలా అడిగావక్కా" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం మీరూ చదివే ఉంటారు. అందులో తెలుగు పేజీలు రాసేవాళ్ళం బెంగళూరులో పదిమందిదాకా ఉన్నాం. ఆంటీ మాలో పెద్దావిడ. గుంటూరు వైపు నుంచి నర్సు ఉద్యోగానికి ఈ ఊరొచ్చి, రిటైరయ్యాక, మందుల చీటీలు చూసిన కళ్ళతోనే మా వాక్యాలు చూసేవారు. నమ్మకం కుదరని వాక్యం పక్కన "ఆధారం కావాలి" అని తగిలించి వెళ్ళిపోయేవారు. వార్డులో నేర్చుకున్న మాట ఒకటి ఎప్పుడూ చెప్పేవారు: "రాయకపోతే మందు ఇవ్వనట్టే. ఇవ్వకుండా రాస్తే చంపినట్టే." అందరం మొదటి సగానికి తలూపేవాళ్ళం. రెండో సగం నాకు తగిలింది.

నేను రాసిన మొదటి పేజీ మా ఊరి గురించి. బెంగళూరు అవతల సర్జాపుర దాటాక వచ్చే చిన్న ఊరు. ఊరి బడికి స్థలం దానం చేసింది మా అబ్బ అని అందులో రాశాను. అబ్బ అంటే మా వైపు నాన్నకు నాన్న. పుట్టినప్పటినుంచీ ఇంట్లో వింటున్న మాట. వారం తిరక్కుండా ఆ వాక్యం పక్కన ఆంటీ చీటీ పడింది. పేజీ మంచిచెడ్డల గురించి వాదించుకోవడానికి చర్చా పేజీ అని ఒకటి ఉంటుంది. అక్కడ మండిపడ్డాను. మా ఇంటి సంగతి మాకు తెలీదా, ఊరంతా అంటారు అని రాశాను. "ఊరంతా అన్నారంటే, ఒకరు అన్నారు, మిగతావాళ్ళు విన్నారు. ఆ ఒకరెవరో చెప్పండి చాలు" అని జవాబొచ్చింది. అప్పటికి ఆవిణ్ణి చూడలేదు. ఎవరో పనీపాటా లేని మగమనిషి అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక పేపర్ జిల్లా పేజీలో మా ఊరి బడి గురించి వచ్చింది. అబ్బ పేరు ఉంది, స్థలం దానం చేసిన సంగతీ ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మా నాన్న చందాపురలో ఉంటాడు. ఆ ముక్క కత్తిరించి, లామినేషన్ చేయించి, హాల్లో తగిలించాడు. ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళకంటే ముందు అదే చూపించేవాడు. నేను ఆ పేపర్ని ఆధారంగా పెట్టి, "ఇప్పుడేమంటారు?" అని ఆవిడకు రాశాను.

ఆవిడ నలుగురిలో ఏమీ అనలేదు. నాకు విడిగా మెయిల్ పంపారు. నా వాక్యాలు, పేపర్ వాక్యాలు ఒకదాని కింద ఒకటి పెట్టారు. మా ఊరి చెరువు ఉత్తరాన ఉంటే నేను పొరపాటున దక్షిణాన అని రాశాను. పేపర్ కూడా దక్షిణాననే రాసింది! విలేకరి నా పేజీ చూసి రాశాడు, నేను అతన్ని చూపించి గెలిచాననుకున్నాను. మెయిల్ చివర ఇలా ఉంది: "అమ్మాయ్, జ్వరం ఉందని చీటీ రాసిందీ నువ్వే, ఆ చీటీ చూసి జ్వరం ఉందంటున్నదీ నువ్వే. మరి థర్మామీటర్ ఎవరు పెట్టారు?" సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా జీతం పని. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వాక్యం మొత్తం తీసేయండి అన్నాను. పేపర్ పేరొక్కటే తీసేసి పాత చీటీ మళ్ళీ తగిలించారు. "పాత కట్టు విప్పేముందు కొత్త కట్టు చేతిలో ఉండాలి. పద, మీ ఊరెళ్దాం" అన్నారు. అలా మొదటిసారి కలిశాం. బస్సులో నాకు అరిసె పెట్టారు. ఎలా చేశారని అడిగితే, "ఆధారం మా అత్తగారు. అంత నమ్మదగింది కాదు" అన్నారు. అప్పటిదాకా దాచుకున్న కోపం ఆ అరిసెతో సగం పోయింది.

బడిలో హెడ్మాస్టరుగారు బీరువా వెతికి, ఎప్పుడో బడి పండగకు అచ్చువేసిన చిన్న కన్నడ పుస్తకం తీశారు. ఆంటీ కన్నడం చదవడం నేర్చుకోలేదు. "అక్షరాలు మనవే, తలకట్టే వేరు" అంటూ వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కున్నారు. స్థలం ఇచ్చింది చిన్నక్క అని ఒకామె, మగడు పోయిన మనిషి. మా అబ్బ పేరు రెండు పేజీల తర్వాత ఉంది. గోడలకు రాళ్ళు కూలి తీసుకోకుండా తన బండి మీద తోలాడని.

చిన్నక్క పేరు ఆంటీ పైకి చదవగానే, బడిలో అన్నం వండే ఆమె గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"మా జేజి పేరు ఉండాదామ్మా అందులో?"

"ఉందమ్మా. ఇదిగో, ఇక్కడ."

చిన్నక్క మనవరాలట. ఆమెకు చదువు రాదు. ఆంటీ ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టారు. ఇన్నాళ్ళూ ఆ చోట మా అబ్బను కూర్చోబెట్టింది నేనే కదా. తల ఎత్తలేకపోయాను.

ఇక నాన్నకు చెప్పాలి. నా వల్ల కాదన్నాను. ఆంటీయే చందాపుర వచ్చి, ఆ లామినేషన్ ముక్క కిందే కూర్చుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నాన్న తలెత్తి ఆ ముక్క వైపు చూశాడు.

"రాళ్ళు తోలినాడని నాకు తెలుసమ్మా" అన్నాడు. "బండి తోలినాడంటే ఎవురు లెక్క పెడతారు? స్థలం ఇచ్చినాడంటే కుర్చీ ఏస్తారు."

"నేను లెక్క పెడతానండి. చెప్పండి, ఎక్కణ్ణుంచి తోలారు?"

నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. ఎడ్ల పేర్లు చెప్పాడు. ఒక ఎద్దు కుంటిదైతే అబ్బ తనే కాడికి భుజం పెట్టాడట. ఇంట్లో గింజలు లేనప్పుడు ఊరి రాళ్ళు మోస్తావా అని అవ్వ తిట్టిందట. ఇవేవీ నాకు తెలియవు. మూడు గంటలు గడిచాయి. కాఫీ చల్లారిపోయింది. ఆంటీ కదల్లేదు.

"ఇదంతా పెట్టమ్మా అందులో" అన్నాడు నాన్న కళ్ళు తుడుచుకుంటూ.

ఈ ఒక్కసారికి ఊ అనండి అని ఆవిడ వైపు చూశాను.

"పెట్టలేనండి. పుస్తకంలో ఉన్నంతే పెడతాను. మీరు చెప్పింది మాత్రం నేను విన్నాను."

నాకు ఒళ్ళు మండింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బస్సు దిగే ముందు ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఏడ్చారని మీ నాన్నగారిది పెడితే, రేపు ఇంకొకరు ఏడ్చి చిన్నక్క పేరు తీయించేస్తారమ్మాయ్. అప్పుడు నేనేం చెప్పను?" అన్నారు. ఇప్పుడా పేజీలో చిన్నక్కకు ఒక వాక్యం, మా అబ్బ బండికి ఒక వాక్యం ఉన్నాయి. లామినేషన్ ముక్కను నాన్న ఎవరూ అడక్కుండానే గోడమీంచి తీసేశాడు.

మొన్న ఆదివారం చర్చిలో ఆంటీని తలుచుకునే ఆదరణ కూడిక జరిగింది. నాన్న రెండు బస్సులు మారి వచ్చాడు. పాస్టరుగారు అందర్నీ రెండు మాటలు చెప్పమన్నారు. దేవత అన్నారు ఒకరు. వేలమంది ప్రాణాలు నిలబెట్టింది అన్నారు ఇంకొకరు. తర్వాత నాన్న లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈమె మా ఇంటికొచ్చింది. మూడు గంటలు కూచునింది. మా నాయన సంగతి నేను చెప్తే వినింది."

అంతటితో ఆగిపోయాడు. పాస్టరుగారు కాసేపు చూసి, "ఆవిడ గొప్పతనం గురించి ఇంకా ఏమైనా చెప్పండయ్యా" అన్నారు మెల్లగా.

నాన్న ఆలోచించాడు.

"మిగిలింది నేను చూడలేదు సామీ" అని కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఆవిడ ఫోటోనే చూస్తూ ఉండిపోయాడు.