కుర్చీ ఎటు తిప్పుకోవాలో

ఈ రోజు ఉదయం నేను ఒక అబద్ధం చెప్పాను. హోప్ టౌన్‌లో, టార్పాలిన్ మీద నెత్తళ్ళ చేపలు ఎండబెడుతున్న నూకరత్నం అనే అమ్మాయి తలెత్తి, "వైద్యం అయిపోయాక నాకు పిల్లలు పుడతారు కదా భయ్యా?" అని అడిగింది. "పుడతారమ్మా, ఎందుకు పుట్టరు?" అనేసి వచ్చేశాను. ఫెర్రీలో రెయిలింగ్ పట్టుకుని నిలబడితే నా చొక్కా నుంచి ఎండు నెత్తళ్ళ వాసన వస్తూనే ఉంది. అంత సముద్రపు గాలికీ అది పోలేదు. ఆ వాసనతో పాటే డాక్టర్ సునంద గుర్తొచ్చింది. మధ్యాహ్నం చేతులు కడుక్కుని భోజనం చేసొచ్చినా ఎప్పుడూ ఆమె దగ్గర ఈ వాసనే ఉండేది. మేము వెళ్ళే ఇళ్ళు అలాంటివి. ఆమె కూర్చునే చోటు అలాంటిది.

మా పని గురించి ఒక మాట చెప్పాలి. ఈ దీవుల్లో క్యాన్సర్ ఉందని తేల్చి చెప్పగలరు గానీ, పెద్ద చికిత్స కావాలంటే చాలామంది ఓడ, ఇక్కడి మాటలో జహాజ్, ఎక్కి మెయిన్‌లాండ్ పోవాల్సిందే. అలా వెళ్ళొచ్చిన ఆడవాళ్ళలో పిల్లలు కావాలనుకున్నవాళ్ళు ఏమయ్యారు, గర్భం దాల్చినవాళ్ళు ఎలా ఉన్నారు, బయల్దేరే ముందు వాళ్ళకు ఎవరు ఏం చెప్పారు అన్నది మా పరిశోధన. మొదలుపెట్టింది డాక్టర్ సునంద. పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలోని తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మెయిన్‌లాండ్‌లో చదివి, తిరిగొచ్చిన మనిషి. అందరికీ డాక్టర్ దీదీ. నాకు తెలుగూ హిందీ రెండూ వచ్చని తోడు పెట్టుకుంది. శాంతమూర్తి ఏమీ కాదు. టీ చల్లారితే అరిచేది. ద్వీపంలో పుట్టి కూడా ఫెర్రీ కదలగానే కడుపులో తిప్పి, నిమ్మకాయ వాసన చూస్తూ, మాట్లాడించిన వాళ్ళనల్లా కసిరేది.

ఏ ఇంటికి వెళ్ళినా మగవాళ్ళు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తమకు ఎదురుగా వేసేవాళ్ళు. అది మర్యాద. జబ్బు పడ్డ ఆడమనిషి మాత్రం వంటగది గుమ్మంలోనో, చేపలు ఎండే చోటనో ఉండేది. డాక్టర్ దీదీ థాంక్స్ చెప్పి, ఆ కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని ఆమె ఉన్న చోటికి మోసుకుపోయేది. మొదటి రోజుల్లో ఒకాయన నవ్వుతూ, "అరే దీదీ, మా కుర్చీ పట్టుకుపోతన్నారేటి?" అన్నాడు.

"తిరిగి ఇచ్చేస్తాలే తమ్ముడూ. జబ్బు నీదైతే ఇక్కడే కూర్చుందును."

నాకు ఒళ్ళంతా చెమటలు పట్టేవి. ఆడవాళ్ళ నెలసరి గురించి మగవాణ్ణి నేనెలా అడగడం? ఆ మాటే అంటే ఆమె కోప్పడలేదు. "నువ్వు సిగ్గుపడితే వాళ్ళు సిగ్గుపడతారు. జ్వరం ఎప్పుడొచ్చిందని అడుగుతావు కదా, అలా అడుగు. ముందు కుర్చీ ఎటు తిప్పుకున్నావో చూసుకో. ఎటు తిరిగి కూర్చుంటే మాట అటే పోతుంది" అంది. నేను నేర్చుకున్నాను. కనీసం, నేర్చుకున్నానని అనుకున్నాను.

రంగత్‌లో శాంతమ్మ ఇంటికి వెళ్ళిన రోజు నాకు ఇంకా నిన్నటిలా ఉంది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ వస్తే రేడియేషన్ చేయించుకుని, బతికి, తిరిగొచ్చిన మనిషి. కొన్నేళ్ళు గడిచాయి. మాకు టీ ఇచ్చి, గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుంది. ఆమె భర్త తలుపు పక్కన నిలబడ్డాడు. ప్రశ్నలు అడుగుతున్నది నేను. పోర్ట్ బ్లెయిర్ బస్సుకు టైమవుతోందన్న తొందరలో ఉన్నాను. "చికిత్సకు ముందు, దీనివల్ల ఇక గర్భం రాదని మీకు ఎవరైనా చెప్పారా?" అన్నాను.

శాంతమ్మ నా వైపు చూడలేదు. భర్త వైపు తిరిగి, బజారు నుంచి ఉప్పు తెచ్చారా అన్నంత మామూలుగా అడిగింది. "ఏమండీ, చెప్పారా?"

ఆయన రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "చెప్పారు. నాకు."

తర్వాత ఆమె డాక్టర్ దీదీతో, "నెలసరి ఆగిపోతే నీరసం, మళ్ళీ వస్తుందన్నారండీ ఈయన. ఉపవాస ప్రార్థనలో ప్రతి వారం నా పేరు చదువుతారు, సంతానం కోసం. ఈయన అటు మగాళ్ళ వైపు కూర్చుని ఆమెన్ అంటారు" అంది.

డాక్టర్ దీదీ నన్ను చూసి, "బస్సు పోతే పోనీ" అంది. శాంతమ్మను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. నేను ఆ భర్తతో మిగిలిపోయాను. ఆయన నాకేదో సంజాయిషీ చెప్పుకోవాలన్నట్టు, "చెప్తే జహాజ్ ఎక్కదేమోనని భయపడ్డాను భయ్యా. బతికితే చాలు, తర్వాత చెప్దాంలే అనుకున్నాను. ఒకసారి చెప్పకపోయాక మళ్ళీ చెప్పే రోజు రాలేదు" అన్నాడు.

ఆ రాత్రి రంగత్‌లోనే ఉండిపోయాం. మర్నాడు బస్సులో నేనే ఉండబట్టలేక, "ఆయన చెడ్డవాడిలా లేడు" అన్నాను.

"చెడ్డవాడైతే మన పని తేలికయ్యేది."

మళ్ళీ ఆమే, "ఆ ప్రశ్న రాసింది నేను. చెప్పారా అని అడుగుతున్నాం, ఆ అడగడంతోనే ఆవిడకు చెప్పేశాం. నిలబెట్టి కొట్టినట్టయింది" అంది. కిటికీలోంచి అడవి వెనక్కి పోతూంటే చూస్తూ కూర్చుంది. ఆ ముఖంలో అంత అలసట నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత మా పని మారింది. చికిత్స అయ్యాక లెక్కలు రాసుకోవడంతో ఆగకుండా, మెయిన్‌లాండ్ వెళ్ళబోయే ప్రతి స్త్రీనీ ముందే కలవడం మొదలుపెట్టాం. ఏం తెలుసో ముందు ఆమెనే అడగడం, తెలియనిది ఆమెకే చెప్పడం, అక్కడి డాక్టర్ని ఏం అడగాలో నేర్పి పంపడం. ఆ వివరాలు ఆమె వద్దనుకుంటే వద్దు. కావాలనుకుంటే ఆమెకు దొరకాలి.

డాక్టర్ దీదీ పోయి రెండేళ్ళు. గుండె జబ్బు. ఆసుపత్రిలో ఆమె తమ్ముడూ నేనూ మంచం పక్కన నిలబడి ఉంటే, ఒక కుర్ర డాక్టరు వచ్చి గొంతు తగ్గించి మా ఇద్దరికీ చెప్పడం మొదలుపెట్టాడు. మంచం మీద నుంచి ఆమె, "బాబూ, గుండె ఇక్కడుంది. ఇటు తిరుగు" అంది. ఆ అబ్బాయి ఎర్రబడిపోయి తిరిగాడు. ఆమె అన్నీ విని, రెండు ప్రశ్నలు అడిగి, నాకు కన్ను కొట్టింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అదంతా చూసినవాణ్ణి నేను. ఈ ఉదయం మాత్రం హోప్ టౌన్‌లో నూకరత్నం భర్త సింహాద్రి పడవ నీడలో కుర్చీ వేస్తే, వేసిన చోటే కూర్చున్నాను. ఆమె కాస్త దూరంలో ఎండలో నెత్తళ్ళు తిరగేస్తోంది. రొమ్ములో క్యాన్సర్. ఎల్లుండి ఓడకు టికెట్లు. అక్కడ మొదట కీమో అన్నారు. ఆ మందుల తర్వాత పిల్లలు పుట్టడం కష్టం కావచ్చునని సింహాద్రికి ఇక్కడి ఆసుపత్రిలో చెప్పారట.

"దానికి సెప్పకు బాబూ" అంది నూకరత్నం అత్తగారు, నా చెయ్యి పట్టుకుని. "పెళ్ళయిన కాణ్ణుంచీ పిల్లలు పిల్లలని ఒకటే గోల. ఈ మాట ఇన్నాదంటే జహాజ్ ఎక్కదు."

"జాన్ బచ్ జాయే భయ్యా, బస్" అన్నాడు సింహాద్రి. "ప్రాణం దక్కితే సాలు. పిల్లల సంగతి తరవాత సూసుకుందుం."

వాళ్ళ కళ్ళల్లో నిజమైన భయం ఉంది. నాకు అలసటగా ఉంది. ఎండ, వరసగా తిరిగిన ఇళ్ళు, ఇంత మందికి ఇలాంటి మాటలే చెప్పి చెప్పి నోరు చేదెక్కి ఉంది. సరే అన్నాను. లేచి వస్తూంటే ఆమె ఆ ప్రశ్న అడిగింది. నేను ఆ అబద్ధం చెప్పాను. దయ అనుకుని చెప్పలేదు. తొందరగా ఫెర్రీ ఎక్కొచ్చని చెప్పాను.

ఇవతలి ఒడ్డున చాథం జెట్టీలో దిగి, ఇప్పుడు మా పరిశోధన చూస్తున్న డాక్టరమ్మకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "టికెట్లు ఎల్లుండికి కదా, ఇంకా టైముంది. వెళ్ళి మీరే చెప్పండి. నేను ఫోన్ దగ్గర ఉంటాను. అక్కడి ఆసుపత్రితో ఈలోగా మాట్లాడతాను" అంది. రంగత్ ఆయన మాట చెవిలో తిరుగుతోంది. మళ్ళీ చెప్పే రోజు రాలేదు. వచ్చిన ఫెర్రీలోనే మళ్ళీ ఎక్కాను.

"ఏటి భయ్యా, ఏదైనా మర్సిపోయావా?" అన్నాడు సింహాద్రి.

"అవును" అని కుర్చీ ఎత్తుకున్నాను.

"ఓలమ్మ, ఈ బాబెటు పోతన్నాడు!" అంటూ అత్తగారు వెంటపడింది. టార్పాలిన్ చుట్టూ తిరిగి వెళ్ళి, నూకరత్నానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "పొద్దున నీకు చెప్పింది నిజం కాదమ్మా. పిల్లలు పుడతారని నేను మాటివ్వలేను" అన్నాను. ఆ మందుల తర్వాత కొందరికి నెలసరి తిరిగి వస్తుందని, కొందరికి రాదని చెప్పాను. కీమో మొదలయ్యే ముందే అడిగితే అండాలు తీసి దాచే వీలు ఉండవచ్చని, కొందరికి అండాశయాలను కాపాడేందుకు ఇంజెక్షన్లు ఇస్తారని, దేనికీ హామీ లేదని, తన జబ్బుకు ఏది కుదురుతుందో అక్కడి డాక్టరే చెప్పగలరని చెప్పాను. మొదటి మందు ఎక్కాక అడిగితే ఆలస్యం కావచ్చునని, ఇక్కడి మా డాక్టరమ్మ ఫోన్ దగ్గరే ఉన్నారని అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. చేపలు తిరగేస్తూనే అడిగింది.

"వీళ్ళకి తెలుసా?"

"తెలుసు."

"నీకూ తెలుసు."

"తెలుసు."

"నూకీ, నీ ప్రాణం కోసమే..." అన్నాడు సింహాద్రి వెనక నుంచి.

"నా ప్రాణమే కదా. నాతో మాటాడ్డానికి ఏటైంది మీ అందరికీ?" అందామె. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "జహాజ్ ఎక్కనని నేనెప్పుడన్నాను? ఎక్కుతాను. అడగాల్సింది అడిగే ఎక్కుతాను." మోచేత్తో కళ్ళు తుడుచుకుని నన్ను చూసింది. "ఆ డాక్టరమ్మకి ఫోన్ కలుపు భయ్యా. నువ్వు మధ్యలో ఉండకు. ఈసారి నేనే వింటాను."

ఫోన్ కలిపి ఇచ్చాను. లేచి కుర్చీ ఆమెకు వదిలాను. ఆమె దాన్ని సముద్రం వైపు తిప్పుకుని, మా అందరికీ వీపు పెట్టి కూర్చుంది. ఏం అడుగుతోందో నాకు వినపడలేదు. చాలాసేపు మాట్లాడింది. టార్పాలిన్ మీద సగం నెత్తళ్ళు ఒకవైపే ఎండి ఉన్నాయి. నేను కింద కూర్చుని, ఆమె వదిలేసిన వరస నుంచి ఒక్కొక్కటే తిరగేయడం మొదలుపెట్టాను. కాసేపటికి సింహాద్రి కూడా వచ్చి అవతలి వరస అందుకున్నాడు.