పొగ వరుస

మొన్న డిసెంబరులో హుస్నాబాద్ సభకు పోతుంటే తెల్లవారకముందే మా బస్సు ఒక రైస్ మిల్లు ముందర చెడిపోయింది. డ్రైవరు కిందికి దూరి ఏదో విప్పుతున్నాడు. మేమంతా దిగి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాం. మిల్లువాళ్లు రోడ్డు పక్కన పోసిన ఊక బూడిద కుప్ప నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. పైకి చల్లారినట్టే ఉంది గానీ లోపల ఎక్కడో నిప్పు ఇంకా బతికే ఉంది. ఆ కుప్ప వాలు మీద ఒక కుక్క ముడుచుకుని నిద్రపోతోంది. "గా కుక్కకున్న తెలివి మనకు లేకపాయె సార్," అన్నాడు నా పక్కనున్న ప్రయాణికుడు. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ ఆవిరినే చూస్తూ ఉండిపోయాను. సమాధి గట్టు మీద కూర్చుని ఇలాగే వెచ్చబడే ఒకామెను ఎరుగుదును. ఆమె మా పెద్దవ్వ.

పెద్దవ్వ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. బెల్లంపల్లి అవతల, ఎప్పుడో మూతపడిన ఒక బొగ్గు గని పక్క వాడలో ఉండేది. ఆమె భర్త, మా పెద్దబాపు, ఇంకో గనిలో పనిచేసి రిటైరయ్యాడు. తాతల కాలంలో బాప్తిస్మం తీసుకున్న మెథడిస్టు కుటుంబాలు మావి. నేను మాత్రం కాలేజీలో ఉండగానే దేవుడితో తెగతెంపులు చేసుకున్నాను. ఆ తర్వాత హేతువాద సభలు, కరపత్రాలు, వాదోపవాదాలు. మైకు దొరికితే విడిచేవాణ్ని కాదు. పెద్దవ్వకు నా మీద కోపం లేదు, జాలి కూడా లేదు. "మావోడు దేవుడు లేడని చెప్పుటానికి దేవుని పేరు మా అయ్యగారి కంటె ఎక్కువసార్లు తీస్తడు," అని చర్చి ఆడవాళ్లకు చెప్పి నవ్వించేది. అయ్యగారు అంటే పాస్టరు. పాస్టర్లు బదిలీల మీద వచ్చి పోతుండేవాళ్లు. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా చర్చిలో బెంచీల్లాగా కదలకుండా ఉండేవాడు సంఘ పెద్ద. ఆయన ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. సూది గుచ్చితే నొప్పి తెలిసేది కాదు, మాట గుచ్చితే నెల రోజులు సలిపేది. పెద్దవ్వ ఆయన్ని తమ్మీ అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు.

మామ దృష్టిలో సంఘంలో రెండే రకాల మనుషులు: నిజమైన విశ్వాసులు, పేరు విశ్వాసులు. పెద్దబాపు రెండో రకం అని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. కారణం చిన్నదే. గని మోకా దగ్గర, అంటే లోపలికి దిగే చోట, మైసమ్మ గద్దె ఉండేది. కిందికి దిగే ముందు షిఫ్టు వాళ్లంతా అక్కడ ఒక్క క్షణం ఆగి చేతులు జోడించేవాళ్లు, వాళ్లతో పాటు పెద్దబాపు కూడా. ఎవరో చూసి చర్చిలో చెప్పారు. పిలిచి అడిగితే పెద్దబాపు దాచలేదు. "నేను ఆమెకు మొక్కలే. కిందికి నాతోటి దిగేటోళ్లకు మొక్కిన. పైకప్పు కూలితె నన్ను గుంజేది వాళ్లే గదా," అన్నాడట. ఆ జవాబు నాకు ఏ ప్రసంగం కంటే గొప్పగా వినిపిస్తుంది. మామకు అది మొండితనంగా వినిపించింది. అప్పటి నుంచి పెద్దబాపును ప్రభువు బల్లకు దూరం పెట్టారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవటానికి అందరూ ముందుకు నడుస్తుంటే పెద్దబాపు చివరి బెంచీలో కూర్చుని తన టోపీని మోకాలి మీద తిప్పుకుంటూ ఉండేవాడు. అలా ఎన్నో ఏళ్లు. ఒక్క ఆదివారం కూడా మానలేదు. చివరికి ఆయాసంతో పోయాడు. బొందలగడ్డలో, అంటే మా సమాధుల స్థలంలో, పాత గని వైపున్న అంచు వరుసలో పూడ్చారు.

రెండు చలికాలాలు మామూలుగానే గడిచాయి. మూడో దాంట్లో, క్రిస్మస్‌కు ముందు సమాధులకు సున్నం వేయటానికి పొద్దున్నే పోయినవాళ్లు బకెట్లు అక్కడే పారేసి వచ్చేశారు. పెద్దబాపు సమాధి పక్కన నేల పగిలింది. ఆ పగులులోంచి పొగ వస్తోంది. నేను ఆ వారంలోనే వెళ్లి చూశాను. మంచులో సమాధులన్నీ తెల్లగా, తడిగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. అంచు వరుసలో మూడు చోట్ల మాత్రం నేల ఊపిరి తీస్తోంది. పొగ ఒక్కసారిగా లేవదు. కొంచెం వచ్చి ఆగుతుంది, మళ్లీ వస్తుంది, అచ్చం నిద్రపోతున్న మనిషి ఛాతీలాగా. తడి బొగ్గు వాసన. చెవి దగ్గర పెడితే లోపల చాలా దూరంలో ఎవరో నిట్టూర్చినట్టు ఒక శబ్దం. అదేమిటో నాకు తెలుసు. కింద పాత సొరంగాలున్నాయి. విడిచిన బొగ్గు తనంతట తాను రాజుకుంటుంది; పైన నేల కుంగి పగిలితే ఆ వెచ్చటి గాలి బయటికి వస్తుంది; చలిగాలి తగిలి ఆవిరిగా కనిపిస్తుంది. ఇంత తెలిసి కూడా నేను అక్కడి నుంచి ఎప్పటికంటే వేగంగా నడిచి వచ్చాను.

సంఘానికి మాత్రం సందేహమే లేదు. ఆరని అగ్నిలో ఎవరున్నారో భూమే చెప్పేసింది. బతికున్నవాళ్లను విడదీసే అధికారం మీకెవరిచ్చారని నేను ఏళ్ల తరబడి అడుగుతుంటే, వాళ్లు చచ్చినవాళ్లను విడదీసే పనిని నేలకు అప్పజెప్పారు. ఆ అంచుకు పొగ వరుస అని పేరు పెట్టారు. ఆ చలికాలమంతా అక్కడ ఒక విచిత్రమైన అలవాటు మొదలైంది. ప్రతి ఇంటి నుంచి ఒకరు, ఎవరికీ చెప్పకుండా, పొద్దు పొడవకముందే పోయి తమ వాళ్ల సమాధి మీద అరచెయ్యి పెట్టి చూసి వచ్చేవాళ్లు. మంచులో ఒకరికొకరు ఎదురుపడితే పలకరింపు కూడా మారిపోయింది. "మీదెట్లున్నది?" "సల్లగనే ఉన్నది. మీది?" పసిబిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఆ చిన్న మట్టిదిబ్బ మీద చెయ్యి ఆనించి, చల్లగా తగలగానే నేలను ముద్దు పెట్టుకోవటం నా కళ్లతో చూశాను. నరకం ఎక్కడైనా ఉందో లేదో గానీ, మనుషులు దాన్ని ఎలా తయారు చేసుకుంటారో ఆ రోజు చూశాను.

ఊరుకుంటానా? మామ ఇంటి అరుగు మీద కూర్చుని గనుల సంగతి అంతా విడమరచి చెప్పాను. ఆయన చాయ్ తాగుతూ చివరిదాకా విన్నాడు. "బొగ్గు మండుతదని నాకు జెప్తున్నవా నాస్తిక అల్లుడా? నేను గీ ఊళ్లెనే పుట్టిన," అన్నాడు. "ఒక్క ముచ్చట చెప్పు. గంత జాగ ఉండంగ, గా పగులు ఆయన పక్కకే ఎందుకు తేలింది?" కింద ఆధారం విరిగింది అక్కడే కాబట్టి, అన్నాను. "ఆధారం ఆడనే ఎందుకు ఇరిగింది?" అన్నాడు. వేదికల మీద పండితులను నోరెత్తకుండా చేసిన నేను ఆ అరుగు దిగి ఇంటిదారి పట్టాను. భయం ఎప్పుడూ ఒక ప్రశ్న ఎక్కువే అడుగుతుంది.

ఈ గొడవంతా పెద్దవ్వకు పట్టినట్టే లేదు. ఆమె రోజూ పొద్దున్నే పోయి ఆ సమాధి గట్టు మీద కూర్చుని, పగులు మీద చేతులు చాపి వెచ్చ చేసుకునేది. దూరం నుంచి చూస్తే పొగలో ఒక ముసలామె ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదుపుతూ కనిపించేది. పిల్లలు ఆ దారిన పోవటం మానేశారు. భయం కాదా అని అడిగాను. "మీ పెద్దబాపుకు సలి ఎక్కువ ఉండె బిడ్డా. సలికాలం వచ్చిందంటె నా దుప్పటి గూడ గుంజుకుంటుండె. ఇప్పుడు ఫికర్ లేదు," అంది. ఆమెకు ఉన్న ఫికర్ ఒక్కటే. పొగ వరుసలో ఇక ఎవరినీ పూడ్చవద్దని సంఘం తీర్మానించింది. భర్త పక్కన ఆమె కోసం విడిచిన జాగా ఉంది. ఆమెకు అదే కావాలి.

ఒక సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి పోయింది. "తమ్మీ, నన్ను ఆయన పక్కకే పండబెట్టాలె," అంది.

"అక్కా, నువ్వు నిజమైన విశ్వాసివి. నిన్ను తీస్కపోయి అగ్గిల పెట్టుమంటవా?"

"ఆయన అగ్గిల ఉన్నడని నువ్వంటున్నవు. ఉంటె ఉండనీ. బల్ల కాడ ఒక్కన్నే కూసోబెట్టిన్రు. ఆడ గూడ ఒక్కడే ఉండాల్నా?"

మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత నవ్వులాటకు దించి, "ముందుగాల నువ్వు పో అక్కా, అప్పుడు నేనే దిగి పండబెడుత," అన్నాడు.

"అల్లుడే సాక్షి. మాటిచ్చినవు," అని పెద్దవ్వ లేచి చెంగు దులుపుకుంది.

మరుసటి చలికాలంలో, జనవరిలో, ఆమె పోయింది. సంఘం ఒప్పుకోనంది. మామ, "మాటిచ్చిన," అన్నాడు. ఆయన మాటకు సంఘం తలొగ్గింది. మర్నాడు పొద్దున్నే సంఘం యువకులు పొగ వరుసలో గుంత తవ్వటం మొదలుపెట్టారు. నడుము లోతు దాకా బాగానే పోయింది. ఆ తర్వాత పక్క గోడలోంచి మట్టి జారి, అక్కడ నుంచి ఆవిరి బుస్సున వచ్చింది. తవ్వేవాళ్లు పార లోపలే విడిచి పైకి దూకారు. చూస్తుండగానే గుంత తెల్లగా నిండి, అంచులు దాటి, అందరి పాదాల దాకా పాకింది. జనం ఒక్కొక్క అడుగు వెనక్కి వేశారు. పెట్టె నేల మీద ఉంది. అడుగున మట్టి సర్దటానికి, పెట్టె ఒరగకుండా పట్టుకోవటానికి ఎవరో ఒకరు దిగాలి. నిజమైన విశ్వాసులు, పేరు విశ్వాసులు, అందరూ అక్కడే ఉన్నారు. ఎవరూ కదలలేదు.

అది గాలి, భయపడకండి అంటూ నేను ప్యాంటు మడిచాను. మామ నా భుజం పట్టి ఆపాడు. "నువ్వు దిగితె దిగినట్టు గాదు. మాటిచ్చింది నేను." చర్చి గడప దగ్గర విప్పినట్టే చెప్పులు విప్పి, పక్కపక్కన పెట్టాడు. తాను దేనిలోకి దిగుతున్నాడని అనుకుంటున్నాడో ఆ మొహం మీద రాసి ఉంది. మోకాళ్లు, నడుము, ఆఖరికి తెల్ల జుట్టు కూడా పొగలో మునిగిపోయాయి. పార మట్టిని గీకిన చప్పుడు వచ్చింది. తాళ్ల మీద పెట్టె దించాం; కింద కనిపించని చేతులు అందుకున్నాయి. తర్వాత, నేల అడుగు నుంచి వచ్చినట్టు, ఆయన గొంతు వినిపించింది. "అక్కా, వెచ్చగనే ఉన్నది."

పైకి లాగటానికి నేనే చెయ్యి అందించాను. అంత వెచ్చటి గుంతలోంచి వచ్చిన ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

తిరిగి వస్తుంటే దారిలో అడిగాడు. "అల్లుడా, నిజం చెప్పు. అది వట్టి గాలేనా?" గాలే అంటే ఆయన దిగిన దిగుడు ఉత్తదవుతుంది. కాదంటే నేను అబద్ధమాడినట్టవుతుంది. "గాలే మామా," అన్నాను. ఆయన తల ఊపాడు. "నీకు గాలే. నాకు అగ్గే," అన్నాడు. కొంత దూరం నడిచాక, "అయినా అక్క ఒక్కతె పోవద్దు గదా," అన్నాడు.

మామ నమ్మకం ఈ రోజుకీ మారలేదు. దాని మీద నా పోరాటమూ ఆగలేదు. పొద్దున్నే సమాధుల మీద అరచేతులు పెట్టించే భయాన్ని నేను క్షమించలేను. కానీ నిజమైన విశ్వాసి ఎవరు, పేరు విశ్వాసి ఎవరు అని సభల్లో ఎవరైనా అడిగినప్పుడు, విడదీయటానికి మీరెవరన్న మునుపటి జవాబు నోటికి రావటం లేదు. గుంత అంచున పక్కపక్కన పెట్టిన ఆ చెప్పుల జత కనిపిస్తుంది. ఒక వాదం గెలవటానికి నాకు ఎప్పుడూ ఒక సాయంత్రం సరిపోయేది. ఒక్క మనిషిని తెలుసుకోవటానికి ఎన్నో చలికాలాలు పట్టాయి.