శనివారం సంతలో నాన్నమ్మ

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చులకన. మా శ్రీకాకుళంలో అలాంటి కబుర్లకు కొదవ లేదు. ఎవరైనా మొదలుపెడితే చాల్లే అని లేచిపోయేవాణ్ణి. అందుకే ఇప్పుడిది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

రెండేళ్ల కిందట నేనో వెబ్‌సైటుకి రాసేవాణ్ణి. అది అమెరికాలో ఒక నగరం గురించి, పేరు అనవసరం. ఈ వారం ఆ ఊళ్లో చూడాల్సిన బొమ్మలు, వినాల్సిన పాటలు, తినాల్సిన రొట్టెలు, అన్నీ ఇక్కడ మా ఇంటి మేడమీద గదిలో కూర్చుని రాసేవాణ్ణి.

ఆ ఊరు నేను చూసింది లేదు. అక్కడివాళ్లు విరిగిన కుర్చీని గోడకి తగిలించి కళ అంటారు. దాని ముందు నిలబడి గడ్డం నిమురుకుంటారు. కుక్కకి పుట్టినరోజు చేసి నలుగురినీ పిలుస్తారు. వాటిని ఆహా ఓహో అని పొగడటం నా పని. చదివేవాళ్ల మీద నాకు పిసరంత గౌరవం ఉండేది కాదు. ఏం రాసినా నమ్మేస్తారు.

ఒక వారం రాయాల్సిన వాటిలో ఒకటి తగ్గింది. వెతికే ఓపిక లేక కల్పించేశాను. నది ఒడ్డున జరిగే సంతలో ఒక ముసలావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, రాట్నం మీద నూలు తీస్తుందని రాశాను. అది పొందూరులో మా నాన్నమ్మ చేసిన పని. ఆవిడ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆవిడ పేరుగానీ ఊరి పేరుగానీ రాయలేదు. ప్రతి శనివారం అక్కడే కూర్చుంటుందని చివర ఒక ముక్క తగిలించాను. ఆ వెర్రివాళ్లు వెళ్లి వెతుక్కుంటారని నవ్వుకున్నాను కూడా.

మూడు వారాలకి ఎడిటరు మెయిలిచ్చాడు. ఆవిడ దగ్గరికి ఫొటోగ్రాఫరును పంపుతున్నాడట. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. నాన్నకి పని లేదు, ఇంటికి నా జీతమే ఆధారం.

ఆదివారం ఫొటోలు వచ్చాయి. కొంగు ముసుగులో ముఖం కనిపించదు. చేతులు కనిపిస్తాయి, చేతిలో చేప దవడ. ఎడమచేతి చిటికెన వేలు మడత పడకుండా నిటారుగా ఉంది. రోకలి దెబ్బకి నాన్నమ్మ వేలు అలాగే అయిపోయింది. వేలి సంగతి నేను రాయలేదు.

ఆవిడ పదేపదే ఏదో అడుగుతోందనీ, ఏ భాషో అర్థం కాలేదనీ ఫొటోగ్రాఫరు రికార్డు చేసి పంపాడు.

“మా మనవడు నన్నిక్కడ కూకోబెట్టినాడు బాబూ. ఇంక లెగమంటాడేటో ఓపాలి అడగండి. సలేస్తన్నాది.”

ఎవడో నాతో ఆడుకుంటున్నాడని మళ్లీ మళ్లీ విన్నాను. కానీ ఆ రాతల కింద నా పేరు ఉండదు. నాన్నమ్మ గొంతు రికార్డు మా ఇంట్లోనే లేదు.

ఏమీ చెప్పకుండా నాన్నకి వినిపించాను. ఆయన ఫోను చెవికి ఆనించుకుని మళ్లీ ఒకసారి విన్నాడు.

“అమ్మకి సలి పడదురా,” అన్నాడు. “లెగమని సెప్పు.”

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ గురించి రాసిందంతా తీసేయమని ఎడిటరుకి రాశాను. అంతా నా కల్పనేనని ఒప్పుకున్నాను. ఫొటోలుండగా కల్పనేమిటని ఆయన నవ్వాడు. జనం ఎక్కువగా చదువుతున్నది దాన్నేనట, తీయడట. అందరికంటే పెద్ద వెర్రివాణ్ణి నేనే అనిపించింది. ఆ రోజే ఉద్యోగం మానేశాను.

అదెలా జరిగిందో ఇప్పటికీ నాకు అంతు పట్టలేదు. అక్కడ ఇది మంచు పడే కాలం. శనివారం వస్తే నాన్న నా గదిలోకి వచ్చి, లెగిందేటిరా అని అడుగుతాడు. తెలీదు నాన్నా అంటాను.